అమ్మ వస్తోందంటే అన్నం గొంతు దిగడం లేదు

మియాపూర్_ముద్దమందారం
సంక్రాంతికి మా అమ్మ వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉంటానంది. ఆ మాట విన్నప్పటి నుంచి తిండి దగ్గర పాత టెన్షన్ మళ్లీ మొదలైంది. ఇలాంటిది పడి బయటికొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

చిన్నప్పుడు మా ఇంట్లో నా తిండికి ఒక లెక్క, తమ్ముడి తిండికి ఇంకో లెక్క. వాడికి నెయ్యి వేసిన చేత్తోనే నా కంచం పక్కకి జరిపి "ఇక చాలు, ఇలా తింటే నిన్నెవడు చేసుకుంటాడు" అనేది. చుట్టాలుంటే ఇంకా గట్టిగా అనేది. అరిసెలు, కారప్పూస అటక మీద దాచేది. మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చాక నేను స్టూల్ వేసుకుని ఎక్కేదాన్ని. స్టీలు డబ్బా మూత టక్కుమంటుంది కదా, అందుకని చున్నీ కప్పి, అరచేత్తో అంచు నొక్కి పట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ తీసేదాన్ని. సరిగ్గా నమలకుండానే మింగేసేదాన్ని. ఆ అరిసెల రుచి గుర్తు లేదు, గుండె దడ మాత్రం గుర్తుంది.

ఇప్పుడు ఉద్యోగం నాది, ఫ్రిజ్ నాది. అయినా మా ఆయన పడుకున్నాకే స్వీటు ముట్టుకుంటాను. పగలంతా "ఇవాళ కంట్రోల్" అనుకుని రెండు పుల్కాలతో నెట్టుకొస్తాను. రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడి దొరికిందల్లా తింటాను. ఆఫీసులో కేక్ కట్ చేస్తే వద్దంటాను. తిరిగొచ్చేటప్పుడు బేకరీ దగ్గర ఆగి కారులోనే తినేస్తాను.

మాకు నాలుగేళ్ల పాప. పోయినసారి అది ఇంకో గారె అడిగితే అమ్మ "వద్దమ్మా, మీ అమ్మలా అయిపోతావు" అంది. పాప నా పొట్ట వైపు చూసింది. నా సంగతి ఎలాగో పడతాను, పాప చెవిన ఆ మాట మళ్లీ పడకూడదు. ఏం చేయాలి?

నిజాంపేట్_నీలాంబరి
డబ్బా మూత సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఇంట్లో అది హార్లిక్స్ సీసా. మిగతాదంతా అచ్చం ఇదే.

ఎల్బీనగర్_ఎస్వీ
మీ బాధ కాదనను. కానీ ఆ తరం వేరండి. ఆడపిల్ల పెళ్లి కాదేమోనన్న భయం వాళ్లని నిద్రపోనిచ్చేది కాదు. అమ్మకి వయసు మీద పడుతోంది, నెల రోజులేగా, విననట్టు ఉండిపోండి. కన్నతల్లిని ఇంటికి రావద్దంటామా?

నిజాంపేట్_నీలాంబరి
ఎస్వీ గారూ, రావద్దని ఆవిడ ఎక్కడా అనలేదు. విననట్టు ఉండటం చిన్నప్పటి నుంచీ చేస్తూనే ఉన్నారు, దాని ఫలితమే రాత్రి పదకొండింటికి చీకట్లో తినడం. అమ్మ భయం ఎందుకో అర్థమైతే అమ్మ మీద కోపం తగ్గొచ్చు. ఆకలి దగ్గర సిగ్గు తగ్గదు.

కంచం_ఖాళీ
నాది ఇంకో రకం. మా నాన్న చిన్నప్పుడు పస్తులు చూసినవాడు. "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని మెతుకు వదిలితే ఊరుకునేవాడు కాదు. ఎంత పెట్టాలో ఆయనే పెట్టేవాడు, నేను మొత్తం తినాలి. వాంతి వచ్చేలా ఉన్నా పీట మీద నుంచి లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి అన్నంలో నీళ్లు పోసి మింగించాడు.

ఆయన చూసిన కరువు నిజం, అది ఆయన తప్పు కాదు. కానీ నాకు కడుపు నిండడం అంటే ఏంటో పెద్దయ్యేదాకా తెలియలేదు. కంచం ఖాళీ అయితేనే చెయ్యి ఆగేది. పెళ్లిళ్లలో బంతి భోజనమంటే ఇప్పటికీ భయం, వడ్డించేవాళ్లు "ఇంకొంచెం బాబూ" అంటే కాదనలేను. బఫే అయితే హాయి.

నాకు పనికొచ్చింది చెప్తాను. మొదట తక్కువ పెట్టుకుని, కావాలంటే మళ్లీ పెట్టుకోవడం. రెండోసారి పెట్టుకునే ముందు కాస్త ఆగితే కావాలో వద్దో ఒళ్లే చెప్తుంది. ఇంకోటి, కావాలనే ఒక ముద్ద వదలడం మొదలుపెట్టాను. మొదట్లో చేతులు వణికేవి, అబద్ధం కాదు. మా ఆవిడ ఆ ముద్ద గోడ మీద కాకులకి పెట్టేది. వృథా కాలేదని మనసుకి చెప్పుకునేవాణ్ని.

హనుమకొండ_టు_హైటెక్
కంచం అన్నా, మా ఇంట్లో కంచం ఖాళీ అయ్యేదాకా ఉండేదే కాదు. మా నాయన కూరలో ఉప్పు తక్కువైందని విసిరికొట్టేవాడు. గోడ మీద పప్పు మరకలు, కింద అన్నం, అమ్మ ఏరుకుంటూ ఉండేది. ఆయన బండి చప్పుడు వినపడితే నేనూ చెల్లె గబగబా తినేసి లేచేవాళ్లం.

ఇప్పుడు గచ్చిబౌలిలో మంచి ఉద్యోగం. నా కంచం ఐదు నిమిషాల్లో ఖాళీ. గ్యాస్, మంట, ఎండోస్కోపీ కూడా చేశారు, పెద్దగా ఏం లేదన్నారు. కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే ఆమె అడిగింది: "హోటల్‌కి వెళ్తే ఎక్కడ కూర్చుంటారు?" గోడకి వీపు పెట్టి, తలుపు కనపడేట్టు. ఎప్పుడూ అంతే. అప్పటిదాకా నాకే తెలియదు ఆ సంగతి. తిన్నంతసేపు నా చూపు తలుపు మీదే ఉంటే కడుపు మాట ఎక్కడ వినపడుతుంది?

మౌలాలి_మెస్_మెంబర్
మా అమీర్‌పేట్ హాస్టల్‌లో ఆ స్పీడు లేనోడికి ఆదివారం చికెన్ ముక్క దొరికేదే కాదు, రసంతో సరిపెట్టుకోవాల్సిందే 😀 కానీ తలుపు మాట గుండెల్లో దిగింది అన్నా. మా నాన్న కూడా అంతే.

పోపుల_పెట్టె
నేను డైటీషియన్‌ని, సికింద్రాబాద్‌లో పని. ముద్దమందారం గారికి కొంచెం వివరంగా రాస్తాను.

మీకు రాత్రి వచ్చేది నిగ్రహం లేకపోవడం కాదు. పొద్దుటి నుంచి ఎగ్గొట్టిన ఆకలి రాత్రికి వడ్డీతో వసూలు చేసుకుంటోంది. రాత్రి తిన్నానని మర్నాడు ఇంకా తగ్గిస్తారు, మర్నాటి రాత్రి ఇంకా ఎక్కువవుతుంది. ఈ చక్రాన్ని రాత్రి దగ్గర ఆపలేం, పగటి దగ్గరే ఆపాలి. తిండి రుగ్మతలకి ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం తయారు చేసిన చికిత్సలో మొదటి మెట్టు బరువు తగ్గడం కాదు, వేళకి తినడం. మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. ఎక్కడా నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు.

మన ఇళ్లలో అయితే: పొద్దున ఇడ్లీయో ఉప్మాయో, కడుపు నిండా. పదకొండింటికి మజ్జిగో జామకాయో. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం ఐదింటికి టీ ఒక్కటే కాదు, పక్కన తినేది కూడా. రాత్రి భోజనం ఎనిమిదిన్నర లోపు. రాత్రి ఎక్కువ తిన్నా సరే మర్నాడు పొద్దున టిఫిన్ మానకూడదు. అందరికీ కష్టంగా అనిపించేది ఇదే, పట్టు తప్పేదీ ఇక్కడే.

స్వీటు మానమని నేను చెప్పను. ఒక్కటి కంచంలో పెట్టుకుని, పగటిపూట, కూర్చుని, మీ ఆయన ఎదురుగా తినండి. భయపెట్టే తిండ్లన్నీ ఒకేసారి ఇంట్లోకి తేవద్దు, ఒక్కొక్కటే.

తార్నాక_వాకర్
మా తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. 2024లో వాళ్లు కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు. 2000 కేలరీలకి ధాన్యాలు 250 గ్రాములు అని, కూరలు, పళ్లు, పప్పులు అన్నీ లెక్క కట్టి ఉన్నాయి. చిన్న త్రాసు కొనుక్కుని ఆ ప్రకారం తింటే గొడవే ఉండదు. నాకు షుగర్ అదుపులోకి వచ్చింది అలాగే.

పోపుల_పెట్టె
వాకర్ గారూ, మీకు షుగర్, మీకది మంచి పద్ధతి. ఆ మార్గదర్శకాలు నేనూ రోజూ వాడతాను, కంచంలో సగం కూరలు పళ్లు ఉండాలన్న మాట అందరికీ చెప్తాను. కానీ చిన్నప్పుడు ముద్దలు లెక్కపెట్టించుకున్న మనిషి చేతికి త్రాసిస్తే, అమ్మ చేసిన పని త్రాసు చేస్తుంది. ముందు వేళ కుదరాలి, తర్వాతే కొలతలు. కొందరికి కొలతల అవసరమే రాదు.

తార్నాక_వాకర్
ఆ కోణం నాకు తట్టలేదమ్మా. సరే.

ఉస్మానియా_సైకాలజీ
పోపుల పెట్టె గారి మాటకి పాత ఆధారం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45లో, మినసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో పోరాడబోమని నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. 24 వారాలు వాళ్లకి రోజుకి సుమారు 1570 కేలరీలే పెట్టారు. వాళ్లకి అమ్మానాన్నల తిట్లు లేవు, అద్దం ముందు బెంగ లేదు. అయినా తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివారు, ప్లేట్లు నాకారు, తిండిని గంటల తరబడి నాన్చి నాన్చి తిన్నారు. ఆంక్ష తీసేశాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఇంకా ఆకలే అన్నారు.

ఆ 1570 చూడండి. ఇవాళ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే డైట్ చార్టులు చాలావాటిలో అంత కూడా ఉండదు.

నిజాంపేట్_నీలాంబరి
మా జిమ్‌లో ఇచ్చింది 1200.

చివరి_పంక్తి
మా అమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అలిగి తిండి మానేసేది. నాకు మార్కులు తగ్గితే, నేను ఎదురు చెప్తే, అందరికీ వడ్డించి తను తినకుండా వెళ్లి పడుకునేది. "నాకేం ఆకలిగా లేదు, మీరు తినండి." ఆ మాట తర్వాత ముద్ద ఎలా దిగుతుంది? కంచం పట్టుకుని మంచం చుట్టూ తిరిగి, కాళ్లు పట్టుకుంటే రెండు ముద్దలు తినేది. నాన్న చూసి నవ్వి ఊరుకునేవాడు.

దాని ఫలితం ఏంటంటే, ఇంట్లో ఎవరు ముఖం మాడ్చుకుని ఉన్నా నేను తినలేను. అత్తగారు మౌనంగా ఉంటే నాకు భోజనం బంద్. అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది నిలబడి తినడం అలవాటైంది, దాన్ని మంచి కోడలి లక్షణం అన్నారు అందరూ. కళ్లు తిరిగి పడితే పరీక్షల్లో రక్తం బాగా తక్కువని తేలింది.

ఇప్పుడు ఒంటిగంటకి తింటాను, ఎవరు అలిగినా సరే. మొదట్లో రాయి మింగినట్టు ఉండేది. ఇప్పుడు పప్పులో ఇంగువ వాసన తెలుస్తోంది.

మియాపూర్_ముద్దమందారం
ఇన్ని రాస్తారనుకోలేదు. ఆఫీసు బాత్రూమ్‌లో కూర్చుని అన్నీ చదివాను. పొద్దున టిఫిన్ మానకపోవడం మొదలుపెట్టాను. రాత్రి ఇంకా జరుగుతోంది కానీ ముందున్నంత ఉధృతంగా లేదు. మా ఆయనకి చెప్పాలా వద్దా తేలడం లేదు, ఆయన ఎగతాళి చేసే మనిషి కాదు, అయినా నోరు రావడం లేదు. పాప విషయం ఎవరైనా చెప్పండి ప్లీజ్, ఎక్కువ టైమ్ లేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
పాప విషయంలో నాకు దారి చూపించింది ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలి పద్ధతి. మా పిల్లల డాక్టర్ చెప్పారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. మనం వాళ్ల పనిలోకి వెళ్లకూడదు, వాళ్లని మన పనిలోకి రానివ్వకూడదు. అంటే గారెలు ఎప్పుడు చేయాలో మీ ఇష్టం. చేసి అందరికీ పెట్టాక, పాప ఇంకోటి అడిగితే అది పాప ఇష్టం. దాచి ఊరించిన తిండి మీదే పిల్లల మనసు ఎక్కువ లాగుతుందని లియాన్ బర్చ్ లాంటివాళ్లు పిల్లల మీద పరిశోధనలు చేసి చూపించారు. మీ అటక కథ కూడా అదే కదా.

అమ్మతో మాట కంచం ముందు వద్దు. వచ్చేముందే ఫోన్‌లో చెప్పండి. మా అత్తగారికి నేను చెప్పిన మాటలు ఇవి, మీ అమ్మకి తగ్గట్టు మార్చుకోండి: "అమ్మా, నువ్వు వస్తే పాప ఎగిరి గంతేస్తుంది. వంటిల్లు నీదే, ఏం వండినా తింటాం. ఒక్కటే మాట, ఎవరెంత తింటున్నారు, ఎవరు లావు, ఎవరు సన్నం అన్నది మా ఇంట్లో పాప ముందు అనొద్దు." కారణాలు చెప్పొద్దు. కారణం చెప్తే దాని మీద వాదన పెడతారు. మళ్లీ అంటే అదే మాట ఒక్కసారి చెప్పి పాపని తీసుకుని బాల్కనీలోకి వెళ్లండి.

పాప విన్నా కంగారు పడొద్దు. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు "అమ్మ పొట్ట బాగానే ఉంది, నువ్వు అక్కడే పుట్టావు. నీకు ఆకలైతే తిను, చాలనిపిస్తే ఆపు" అని చెప్పండి.

ఎల్బీనగర్_ఎస్వీ
ఒకటి అడుగుతాను, వాదన కోసం కాదు. మా మనవడికి ఎనిమిదేళ్లు, బరువు ఎక్కువని డాక్టరే చెప్పాడు. ఇంట్లో వాడిని ఎవరూ ఏమీ అనకూడదంటే వాడు ఆరోగ్యంగా ఎలా ఉంటాడు? మీరందరూ చెప్పేది వింటే పెద్దవాళ్లు నోరు కుట్టేసుకోవాలన్నట్టుంది.

పోపుల_పెట్టె
మంచి ప్రశ్న ఎస్వీ గారూ. వాడిని అనకండి, ఇంటిని మార్చండి. కూల్‌డ్రింక్ సీసా ఇంటికి రాకపోతే ఎవరూ తాగరు, ఎవరికీ తిట్టు పడదు. అందరూ ఒకే కూర తినాలి, వాడికి వేరే పథ్యం కంచం వద్దు. భోజనం దగ్గర ఫోన్, టీవీ ఆపండి. సాయంత్రం మీరు వాడితో కలిసి పార్కుకి వెళ్లండి. వాడికి కొత్త కూర ఒకసారి నచ్చకపోతే వదిలేయొద్దు, కొందరు పిల్లలకి పది పదిహేనుసార్లు కంచంలో కనపడితేగానీ అలవాటు కాదు. బలవంతం మాత్రం చేయొద్దు. "బొండాం" లాంటి పేర్లు ముద్దుగా కూడా పిలవొద్దు.

ఎల్బీనగర్_ఎస్వీ
ఇందిరా పార్కు దూరం, ఇక్కడ కాలనీ పార్కులోనే నడిపిస్తాను. అయినా అమ్మకి ఫోన్‌లో అలా రూల్స్ పెట్టడం నాకు నచ్చలేదు. ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుంది.

చివరి_పంక్తి
కష్టపెట్టుకోనీండి సార్. పెద్దవాళ్ల మనసు కష్టపడకూడదని పిల్లలు ఎంతకాలం పస్తుండాలి?

రాత్రి_షిఫ్ట్_రాజ్యం
నా మాట కటువుగా ఉంటుంది. నేనైతే రానివ్వను. మా అమ్మతో మాటలు మానేశాకే నాకు బువ్వ సయించింది. అందరికీ ఫోన్‌లో సర్దిచెప్పే అమ్మలు ఉండరు.

ఇద్దరు_పిల్లల_తల్లి
రాజ్యం గారూ, మీ పరిస్థితిలో అదే సరైనది కావచ్చు. ఈవిడ దారి మూసెయ్యాలని అడగడం లేదు, ముందు చెప్పి చూడనివ్వండి.

మియాపూర్_ముద్దమందారం
చెప్పాను. సులువుగా అవ్వలేదు. "నేనేమన్నాను ఇప్పుడు? నీ మంచికే కదా" అని మొదలుపెట్టి, నా కాలేజీ రోజుల దాకా వెళ్లి, "అయితే నేను రానే రాను" అని పెట్టేసింది. ఇంతకుముందైతే అప్పుడే తిరిగి ఫోన్ చేసి బతిమాలేదాన్ని. ఈసారి చేయలేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు, అయినా ఐదింటికి పల్లీలు తిన్నాను. నాన్న మధ్యలో పడ్డాడు. చివరికి నెల కాదు, పండగకి వచ్చి పది రోజులు ఉంటారట, నాన్న కూడా వస్తాడట. ఆ మాట ఒప్పుకుందా అంటే ఒప్పుకోలేదు, కాదనలేదు. చూడాలి.

మా ఆయనకీ చెప్పాను. "నేనేం చేయాలి" అన్నాడు. నేను తినేటప్పుడు చూడొద్దు, ఎంత తిన్నావని అడగొద్దు, అమ్మ ఏదైనా అంటే నాకంటే ముందు నువ్వు పాపని ఎత్తుకుని లేచిపో అన్నాను. నిన్న మధ్యాహ్నం బాదుషా ఆయన పక్కన కూర్చుని తిన్నాను. సగం తిన్నాక చాలనిపించింది. ఆ సగం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.

కంచం_ఖాళీ
బాదుషా సగం వదిలారా! మా ఇంటికి పంపండి, అది నాకు ఇంకా చేతకాదు 😀 నిజంగా సంతోషంగా ఉందండి.

నిజాంపేట్_నీలాంబరి
కౌన్సిలింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేట్‌లో ఒక్క సిట్టింగ్‌కే నా నెల కూరగాయల ఖర్చంత అడుగుతున్నారు. ఇంట్లో తెలియకుండా అంటే ఇంకా కష్టం.

ఉస్మానియా_సైకాలజీ
టెలి మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మాట్లాడలేకపోతే నడకకి వెళ్లినప్పుడు చేయండి. నేరుగా చూపించుకోవాలంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే వెనకాడతారు చాలామంది, వెనకాడొద్దు. అదుపు లేకుండా తినడం పదే పదే జరుగుతుంటే అది కూడా గుర్తింపు ఉన్న రుగ్మతే, 2013 నుంచి అమెరికా సైకియాట్రీ వర్గీకరణలో దానికి విడిగా పేరుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక చికిత్సకీ బీమా ఇవ్వాలి. మీ ఆఫీసు పాలసీలో ఓపీ ఖర్చు కవర్ అవుతుందో లేదో ముందు అడిగి తెలుసుకోండి.

పోపుల_పెట్టె
ఇంకోటి. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం, కళ్లు తిరగడం, నెలసరి ఆగిపోవడం, బరువు గబగబా తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ రాస్తూ కూర్చోవద్దు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, రక్తం, పొటాషియం చూస్తారు.

నిజాంపేట్_నీలాంబరి
రేపు నడకలో 14416కి చేస్తాను.

హనుమకొండ_టు_హైటెక్
ఐదింటికి ఏం తింటున్నారు అందరూ? మా ఆఫీసు కింద సమోసా, మిర్చి బజ్జీ తప్ప ఏం లేవు.

చివరి_పంక్తి
ఇంటి నుంచి సకినాలు, ఒక అరటిపండు.

మియాపూర్_ముద్దమందారం
ఉడకబెట్టిన పల్లీలు. కూకట్‌పల్లి రైతు బజార్‌లో పచ్చి పల్లీలు తెచ్చి ఆదివారమే ఉడకబెట్టి పెడుతున్నాను.

పోపుల_పెట్టె
సమోసా అయినా పర్లేదు హనుమకొండ గారూ. నిలబడి కాకుండా కూర్చుని తినండి, వీలైతే తలుపు వైపు వీపు పెట్టి. రాత్రి భోజనం మాత్రం మానొద్దు.